సండూరు గేటు దగ్గర విన్న మాట

బళ్లారి వెళ్లొచ్చానని తెలిసి మా వీధివాళ్లు మొదట అడిగింది అక్కడ ఎండ ఎలా ఉందని. మా ఆయన ఎలా ఉన్నాడని అడగటం ఆ తర్వాతే. వాళ్లను తప్పుపట్టను. ఏప్రిల్ నెలలో గుంటూరు మనిషికి ఎండకంటే పెద్ద సంగతి ఏముంటుంది? ఎండ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మన ఎండ చెమట పట్టించి చంపుతుంది. అక్కడి ఎండ చెమట పట్టకముందే ఆర్చేస్తుంది. రెండో సంగతి చెప్పాలంటే మాత్రం దారి మొదటినుంచీ చెప్పాలి.

మా ఆయన ప్రసాదు లారీ డ్రైవరు. ఇక్కడ పొగాకు బేళ్లు తోలే పని పోయాక, సండూరు కొండల్లో ఇనుపరాయి గనుల దగ్గర లారీ ఇస్తారంటే వెళ్లి మూడేళ్లయింది. నాకు బడిలో పంతులమ్మ ఉద్యోగం ఉంది గనక నేనూ పిల్లలూ ఇక్కడే ఉండిపోయాం. శ్రమల వారం బుధవారంనాడు, బడిలో పిల్లలకు ఈస్టరు పాట నేర్పిస్తుంటే టెలిగ్రాం వచ్చింది. ప్రసాదుకు దెబ్బ, వెంటనే రావాలి, సండూరు. దెబ్బ ఎక్కడో లేదు, ఎంతో లేదు. ఇంకో రెండు మాటలు రాస్తే ఆస్తి కరిగిపోతుందా అని పంపినవాణ్ని తిట్టుకుంటూ, పిల్లల్ని మా అమ్మకు అప్పజెప్పి ఆ సాయంత్రమే బండెక్కాను.

గుంతకల్లు దాకా

మీటరు గేజి బండి నల్లమల కొండల్లో ఒగర్చుకుంటూ పోతుంది. నేను దాన్ని లోపలినుంచి నెడుతున్నట్టు కిటికీ కడ్డీ పట్టుకుని కూర్చున్నాను. కూర్చుని దేవుడితో బేరం మొదలుపెట్టాను. నాది కూరగాయల దగ్గరా దేవుడి దగ్గరా ఒకటే గొంతు. ముందు, ప్రాణం ఉంచు చాలు అన్నాను. కొంత దూరం పోయాక ధైర్యం వచ్చి, కాలూ చెయ్యీ కూడా పోకూడదన్నాను. డ్రైవరుకు కాళ్లూ చేతులూ లేకపోతే బతికి ఏం చేస్తాడని వాదించాను కూడా. మా సంఘానికి ఆ మధ్య ఒక బోధకుడు వచ్చాడు. నమ్మి అడిగితే దేవుడు ఇవ్వనిది లేదనీ, ఇవ్వలేదంటే అడిగినవాళ్ల నమ్మకంలోనే లోటుందనీ చెప్పి వెళ్లాడు. ఆ మాట నన్ను పీక్కుతింది. ఆయనకు ఏదన్నా అయితే అది నా లోటే అవుతుంది కదా.

నంద్యాలలో బళ్లారి శెట్టిగారి దంపతులు మా పెట్టెలో ఎక్కారు. బజారులో బట్టల కొట్టు, తాతలనాటినుంచీ అక్కడే కాపురం. ఇంట్లో తెలుగు, కొట్లో కన్నడం, వచ్చిన బేరాన్ని బట్టి ఉర్దూ. తెల్లవారాక ఆవిడ నా మొహం వంక అదేపనిగా చూసింది.

"యాడికి పోతాండావమ్మా, ఒక్కదానివే?"

"సండూరు."

"బొట్టు లేదేమి? యజమానులు లేరా?"

యజమానులంటే మొగుడని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. అర్థం కాగానే "ఉన్నారు!" అని అరిచాను. పై బల్ల మీద నిద్రపోతున్నవాడు లేచి కూర్చున్నాడు. మేం క్రైస్తవులమనీ, మా ఇళ్లలో బొట్టు పెట్టుకోమనీ చెప్పాను.

"తప్పైపాయ తల్లీ, మాకేం ఎరుక," అని ఆవిడ నొచ్చుకుని, డబ్బా విప్పి ఓళిగ చేతిలో పెట్టింది. మన బొబ్బట్టునే వాళ్లు ఓళిగ అంటారు. మనం అరచేతిలో మందంగా తట్టేదాన్ని వాళ్లు పల్చగా, పెద్ద విస్తరంత చేస్తారు. ఉపవాసంలో ఉన్నానని చెప్పడానికి మొహమాటపడి తినేశాను. తిన్న తర్వాత, దేవుడి దగ్గర కుదిరిన బేరం చెడిపోయిందేమోనని కొత్త దిగులు పట్టుకుంది.

బళ్లారి బస్టాండు

గుంతకల్లులో బండి మారి బళ్లారిలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఊరి మధ్యలో చెట్టూ చేమా లేని బండరాతి కొండ, దాని నెత్తిన కోట. చూడదగ్గదని అందరూ అంటారు. నేను బస్సు బోర్డులు చూసుకుంటూ తిరిగాను. బోర్డులు కన్నడంలో ఉన్నాయి. అక్షరాలు మన అక్షరాలకు తోబుట్టువుల్లా ఉంటాయి గనక చదివేయగలనని ధీమాగా ఎక్కిన మొదటి బస్సు హోస్పేటది. కండక్టరు దింపేశాడు.

సండూరు బస్సుకు ఇంకా టైముందంటే ఎదురుగా ఉన్న పాక హోటల్లో కూర్చున్నాను. కళ్లు తిరిగి పడిపోతే ఆయన్ని చూసేవాళ్లుండరని ఉపవాసాన్ని పక్కనపెట్టాను. అక్కడ అందరూ తినేది ఉగ్గాని. మరమరాలు నీళ్లలో తడిపి, నీరు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. మన వైపు మరమరాలు తడిస్తే పారేస్తాం, వీళ్లు తడిపి మరీ వండుతారు. బజ్జీతో కలిపి ప్లేటు రూపాయి. "సల్లారితే రుచి పోతాది, తినమ్మా," అని హోటలాయన రెండుసార్లు హెచ్చరించాడు.

నేను కూర్చున్న బెంచీకి ఎదురుగా, రోడ్డు అవతల, పొడుగాటి పసుపుపచ్చ గోడ ఉంది. అది ఆసుపత్రి గోడ. ఆ గోడ వెనకే మా ఆయన పడుకుని ఉన్నాడు. ఆ సంగతి తెలియక, ప్లేటు ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, ఆయన్ని వెనకే వదిలేసి సండూరు బస్సెక్కాను.

సండూరు గేటు

తోరణగల్లు దాటిన తర్వాత లోకమంతా ఎర్రబడుతుంది. రోడ్డు ఎరుపు, చెట్ల ఆకులు ఎరుపు, దున్నపోతులు ఎరుపు, అరుగు మీద కూర్చున్న ముసలాయన పంచె ఎరుపు. ఇనుపరాయి లారీలు వరసగా వెళ్తుంటే ఆ దుమ్ము అన్నిటిమీదా దిగుతుంది. బస్సు దిగేసరికి నా తెల్లచీర కూడా ఆ ఊరిదైపోయింది.

గని గేటు దగ్గర కాపలాదారుడికి తెలుగు రాదు. నేను మా ఆయన పేరు చెప్పాను. వినగానే అతని మొహం మారింది. లోపలికి చూశాడు, నన్ను చూశాడు. అరచెయ్యి ఎత్తి, నెమ్మదిగా, జాలిగా "తాళి... తాళి అమ్మా, తాళి" అన్నాడు.

నా చెయ్యి మెడ దగ్గరకు పోయింది. మా పెళ్లిలో పాస్టరుగారు దీవించి ఇస్తే ఆయన కట్టిన సూత్రం, శిలువ గుర్తున్న చిన్న బిళ్ల. రైల్లో శెట్టిగారి భార్య అడిగినప్పుడే గుండెలో రాయి పడింది. ఇప్పుడు ఈయన తాళి అంటున్నాడు, చెయ్యి చాపుతున్నాడు. నేను ఆ ఎర్రమట్టిలో కూలబడి, నోరు తెరిచి ఏడ్చాను. దేవుణ్ని అనరాని మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయను.

కాపలాదారుడు బెదిరిపోయి ఇంకా గట్టిగా "తాళి, తాళి" అంటూ లోపలికి పరిగెత్తి ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. అతను తిప్పేస్వామి, మా ఆయనతోపాటు లారీ తోలే డ్రైవరు.

"అయ్యో, ఏడవద్దక్కా! ప్రసాదన్న బతికే ఉండాడు. తాళి అంటే కాచుకోండి, రవ్వంత ఆగండి అని. ఆయప్ప కన్నడంలో చెప్తాండాడు."

"ఎక్కడున్నారు?"

"బళ్లారి ఆస్పత్రిలో. టైరు మార్చేతప్పుడు బండి జరిగి కుడికాలి మింద ఎక్కింది. మొన్ననే తోలుకపోయినారు."

"బళ్లారి అని టెలిగ్రాంలో రాస్తే మీ సొమ్మేం పోయింది?"

"నేను టెలిగ్రాం ఇచ్చేతప్పుడు అన్న ఈడనే ఉండెనక్కా," అన్నాడు పాపం. ఆయన బతికే ఉన్నాడని విన్నాక, టెలిగ్రాం పంపినవాడు ఎదురుగా దొరికాక, నేను తిట్టకుండా ఉండలేకపోయాను. అతను చేతులు కట్టుకుని అన్నీ పడ్డాడు.

చివరి బస్సు వెళ్లిపోయింది. పొద్దున్నే బళ్లారి వైపు లారీ తీసుకెళ్తానని చెప్పి అతను నన్ను తన ఇంటికి తీసుకెళ్లాడు. అతని భార్య జొన్నరొట్టె తట్టి, గురెళ్లని వాళ్లనే నల్లగింజల పొడి, వంకాయ కూర పెట్టింది. ఆ పొడిలో నూనె కలుపుకుని రొట్టెతో నంజుకోవాలి. బాగానే ఉంటుందేమో, నాకు రుచి తెలియలేదు. గేటు దగ్గర జరిగింది విని ఆమె నోరు నొక్కుకుంది. "కాచుకో అన్నా తాళు, నొప్పి ఓర్చుకో అన్నా తాళు. మాకు రెండూ ఒకటేనమ్మా," అంది.

మన తెలుగులోనూ ఆ మాట ఉందని అప్పుడు తట్టింది. కాకపోతే మనం దాన్ని తాళలేక పారిపోయాడు, నొప్పి తాళలేకపోయింది అనడానికే వాడతాం.

కూరెకుప్ప మీదుగా

శుక్రవారం పొద్దున్నే లారీలో బయలుదేరాం. ఇనుపరాయి లారీ ముందు సీట్లో కూర్చున్నవాళ్లకు వెన్నెముక ఒకటుందని బాగా తెలుస్తుంది. కూరెకుప్ప దగ్గర టీకి ఆపాడు. టీ అరచేతంత గ్లాసులో సగమే పోస్తారు గానీ చిక్కగా ఉంటుంది.

"ప్రసాదన్న ఏటా ఈ దినం లారీ ఎక్కడక్కా," అన్నాడు తిప్పేస్వామి. "మీ దేవుడు సచ్చిపోయిన దినం గదా. మరి దీన్ని మంచి శుక్రవారం అంటారేంది?"

దానికి నేను సండేస్కూలు పిల్లలకు ఏటా చెప్పే జవాబు ఉంది. మొదలుపెట్టబోయాను. ఈలోగా టీ ఒలికి చీర మీద పడింది, దాన్ని తుడుచుకోవడంలో పడ్డాను.

పసుపు గోడ వెనక

ఆయన మొహం బూడిదరంగులో ఉంది. నన్ను చూసి "వచ్చినావా?" అన్నాడు. మూడేళ్లలో మాట కూడా వాళ్లదైపోయింది. ఎవరో పరాయివాడు పలకరించినట్టు అనిపించి గుండె చివుక్కుమంది.

పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "పాదం కుళ్లిందమ్మా. ఈ పొద్దే మోకాలి కింద తీసేయాల. ఆలస్యం చేస్తే తొడ దాకా పోతాది, ఇంకా ఆలస్యమైతే మనిషే దక్కడు. మీ ఆయన వద్దంటాండాడు. నా భార్య రావాల అని మొండికేసినాడు."

నేను మంచం దగ్గరకు వచ్చాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి కాలిపోతోంది.

"నువ్వు ప్రార్థన చేస్తే మానుతాదని డాక్టరుకు చెప్పినా. మన చిన్నోడికి టైఫాయిడ్ వచ్చినప్పుడు నీ ప్రార్థనకు దిగలేదా? చెయ్యి కరుణా. నాకు నమ్మకం ఉండాది."

మోకాళ్ల మీద కూర్చుని కట్టు మీద చెయ్యి పెట్టాను. వాసన గుప్పుమంది. నాకు తెలిసిన మాటలన్నీ పెట్టి అడిగాను. పక్క మంచం దగ్గరున్న ముసలామె "ఆమేన్" అంది. కళ్లు తెరిచి చూస్తే కాలు అలాగే ఉంది. ఆయన నా మొహంలోకి చూస్తున్నాడు.

పన్నెండు దాటింది. ఇంటి దగ్గరైతే ఈపాటికి గుడిలో, శిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు సాగుతుంటాయి. నేను రెండో వరసలో కూర్చుని, పక్కామె పిల్లవాడికి చాక్లెట్టు ఇచ్చి ఊరుకోబెడుతూ, పట్టుబడే ముందు తోటలో ప్రభువు చేసుకున్న ప్రార్థన కూడా విని ఉండేదాన్ని. ఈ శ్రమల గిన్నె నాకొద్దని ఆయనా అడిగాడు. చెమట రక్తమయ్యేలా అడిగాడు. తండ్రి తీసెయ్యలేదు. ఆయనకు నమ్మకం తక్కువై కాదు గదా! ఇన్నేళ్లు విన్నాను, ఒక్కసారీ ఆ వైపునుంచి ఆలోచించలేదు. మా ఊరొచ్చిన బోధకుడి మీద పట్టరాని కోపం వచ్చింది.

"మానుతుందని నేను చెప్పలేనండీ," అన్నాను. "మానుతుందని దేవుడు నాతో అన్లేదు. అబద్ధమాడి మిమ్మల్ని పోగొట్టుకోలేను."

"అడిగినా ఇయ్యలేదా?"

"కాలు ఇవ్వలేదు. తన కొడుకు అడిగినా ఇవ్వలేదు. నాకు కాలొద్దు, మీరు కావాలి."

"సరే అని చెప్పు పో," అని ఆయన గోడవైపు మొహం తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే కాలు తీసేశారు.

శనివారం

శుక్రవారానికి మనకు ప్రసంగాలున్నాయి, ఆదివారానికి పాటలున్నాయి. శనివారానికి మన గుడిలో ఏమీ లేదు. ఇల్లు కడుక్కుంటాం, పిండివంటలకు బియ్యం నానబోస్తాం, పిల్లల కొత్తబట్టలకు గుండీలు కుడతాం. రేపు పండుగని తెలుసు గనక శనివారం మీద మనకు ఏ దిగులూ లేదు. ప్రభువు సమాధిలో ఉన్న ఆ మొదటి శనివారం, ఆయన శిష్యులకు రేపు పండుగని తెలియదు. ఆసుపత్రి స్టూలు మీద కూర్చుంటే నాకు అది తెలిసింది.

ఆయనకు జ్వరం తగ్గలేదు. కళ్లు తెరిచినప్పుడు కూడా నావైపు చూడలేదు, పిలిస్తే పలకలేదు. ఇలాగే పోతాడేమో, పోతే నామీద కోపంతోనే పోతాడేమో అని భయం. దుప్పటి కింద కుడివైపు పల్లంగా ఉన్నచోటికి నేను చూపు పోనివ్వలేదు.

ఆమేన్ అన్న ముసలామె పేరు శాంతమ్మ, ఊరు మోక. పత్తి చేలల్లో కూలి పని. మొగుడు బండి మీదనుంచి పడి నడుం విరగ్గొట్టుకుంటే ఆమె ఇక్కడే మకాం పెట్టింది. నోట్లో వక్కాకు, ఆ నోటినిండా ఆసుపత్రి టీ మీద ఫిర్యాదులు. "బాయిలో కుక్క పడితే ఇట్లనే ఉంటాది నీళ్లు," అంటూనే నాకూ ఒక గ్లాసు తెచ్చేది.

"నాదే పొరపాటేమో శాంతమ్మా. ఇంకో పూట ప్రార్థన చేసి ఉండాల్సిందేమో."

"ఏమో తల్లీ, నేనేం పాస్టరునా?" అంది. "మా ఆయప్ప నడుం కోసరం నేను నలభై దినాలు ఉపాసం ఉంటి. ఆయప్ప లేవల్యా. ఇంగ ఏం జేసేది, ఆయప్పకు అన్నం తినిపించి, ఈపు తుడ్సి, ప్రభువుకు నాలుగు మాటలు జెప్పి ఏడుస్తా. యినేతందుకు ఆయన ఉండాడు గదా. తాళమ్మా."

ఈసారి ఆ మాటకు నేను బెదరలేదు. ఓర్చుకోవడం అంటే పళ్లు బిగబట్టుకుని కూర్చోవడమేనని అన్నాళ్లూ అనుకున్నాను. ఆమె చెప్పినప్పుడు, ఎవరో వస్తారని తెలిసి ఆగమన్నట్టు వినబడింది. అంతమాత్రాన భయం పోలేదు. రోజంతా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, భయపడుతూనే ఆగాను.

సమాధుల తోట, తిరిగి ఆసుపత్రి

ఆదివారం ఇంకా చీకటి ఉండగానే శాంతమ్మ నన్ను లేపింది. సంఘమంతా సమాధుల తోటలో కూడుతుందట, రమ్మంది. ఆయన్ని వదిలి రానన్నాను.

"నర్సమ్మ చూసుకుంటాది. ఆ దినం సమాధి కాడికి పోయిన ఆడోళ్లు కూడా నగుకుంటా పోలేదు, రా."

మన వైపు ఈ రోజున సమాధులకు పూలదండలు, బ్యాండు మేళం, మైకు. అక్కడ మైకు లేదు. సున్నం కొట్టిన సమాధుల మధ్య బండరాళ్ల మీద కొవ్వొత్తులు నిలబెట్టుకుని జనం కూర్చున్నారు. పాట ఒక చరణం కన్నడంలో, ఒకటి తెలుగులో. పాస్టరుగారి కన్నడ ప్రసంగంలో నాకు తెలిసిన మాట ఒక్కటే, గాయ. గాయాన్ని వాళ్లూ గాయమే అంటారు. ఆ మాట ఆయన మళ్లీ మళ్లీ అంటూ, రెండు అరచేతులూ తెరిచి చూపిస్తున్నాడు. లేచిన ప్రభువు చేతులకు గాయాలు అలాగే ఉన్నాయని చెబుతున్నాడని అర్థమైంది. చావునే గెలిచినవాడు మేకుల గుర్తులు మాన్పుకోలేదు. వాటితోనే లేచి, వాటినే చూపించి, నేనే అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. రైలెక్కినప్పటినుంచీ నేను ఏ దెబ్బా లేని మనిషిని ఇమ్మని అడుగుతూ వచ్చాను.

కొండ మీద ఎండ పడింది. అందరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ప్రభువు లేచాడని చెప్పుకుంటుంటే, నాకు ఉన్నట్టుండి మా ఆయన ఒంటరిగా ఉన్నాడన్న భయం తన్నుకొచ్చింది. శాంతమ్మకు కూడా చెప్పకుండా ఆసుపత్రికి పరిగెత్తాను.

మంచం ఖాళీగా ఉంది. పరుపు చుట్టి పెట్టారు. దుప్పటి లేదు.

ఊడ్చే ఆమె బక్కెట్లో ఫినాయిలు కలుపుతోంది. తలెత్తకుండానే "ఆయప్ప ఈడ లేడమ్మా," అంది.

ఖాళీ సమాధి దగ్గర దూత అన్న ఆ మాటనే ఏటా ఈస్టరుకు మేం సంతోషంగా చదువుకుంటాం. మొదటిసారి విన్న ఆడవాళ్లకు ఆ మాట ఎలా తగిలి ఉంటుందో నాకు ఆ గుమ్మంలో తెలిసింది. గోడ పట్టుకున్నాను.

ఆమె అప్పుడు నన్ను చూసింది. "అయ్యో, అట్ల చూస్తావేంది? గది కడగాల అని అందర్నీ వరండాలో పెట్టినారు. ఆడ పో!" అని చీపురుతో చూపించింది.

వరండా చివర, ఎండ పడేచోట, చక్రాల మంచం మీద ఉన్నాడు. నుదురు ముట్టుకున్నాను. చల్లగా, తడిగా ఉంది. ఆ ఊళ్లో నేను చూసిన మొదటి చెమట అది. ఆయన కళ్లు తెరిచి తిన్నగా నావైపు చూశాడు.

"యాడికి పోయినావు?"

"సమాధుల తోటకి."

"నన్ను పూడ్చకముందే?"

నాకు నవ్వు వచ్చింది, నవ్వుతూనే ఏడ్చాను. ఆయన పెదవులు కూడా కదిలాయి. కాసేపటికి మొహం చిట్లించి, అచ్చం మన గుంటూరు మాటలో అన్నాడు:

"కరుణా, కుడికాలి బొటనవేలు దురదపెడుతోందే. కాస్త గోకవూ?"

దుప్పటి వంక చూశాను. రెండు రోజులుగా చూడకుండా తప్పించుకున్న చోటికి మొదటిసారి చూశాను. మోకాలి కింద కొంతదూరం కట్టు, ఆ తర్వాత దుప్పటి పరుపుకు అంటుకుని ఉంది. పోయిందని ఆయనకు తెలుసు. అడగడమూ ఆయన తెలిసే అడిగాడు. మంచం చివర కూర్చుని, వేలు ఉండాల్సిన చోట దుప్పటిని గోళ్లతో గోకాను.

"కొంచెం పక్కకి," అన్నాడు.

పక్కకి జరిపాను.

"ఆఁ, అక్కడే," అని ఆయన హాయిగా కళ్లు మూసుకున్నాడు.